గీసిన వాళ్లదే బోర్డు

ఈ ప్రసంగాన్ని మీలో కొందరు ట్రాన్సిస్టర్ సెట్టులో వింటూ ఉంటారు, కొందరు సెల్‌ఫోన్‌లో వింటూ ఉంటారు. దేన్లో వింటున్నా సరే, దాని మూత విప్పితే లోపల పలకలాంటి బోర్డు ఒకటి కనిపిస్తుంది. చాలావరకు ఆకుపచ్చగా ఉంటుంది. దాని మీద సన్నటి రాగి దారులు, ఆ దారుల కొసల్లో కూర్చున్న ఐసీలు, రెసిస్టర్లు, కెపాసిటర్లు ఉంటాయి. దీన్నే ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు, పొట్టిగా పీసీబీ అంటాం. దీన్ని కంప్యూటర్‌లో గీసుకోవడానికి మంచి ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటుంది. పేరు కీక్యాడ్. ఎవరైనా దించుకోవచ్చు, లోపల ఎలా రాశారో విప్పి చూడొచ్చు, చేతనైతే మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పది మందికీ పంచొచ్చు. ఈరోజు దాని గురించి నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

ఉచితం అనగానే డబ్బు మిగులుతుందన్న ఆలోచనే ముందు వస్తుంది. మిగులుతుంది, నిజమే. కానీ నా లెక్కలో అది రెండో సంగతి. మొదటి సంగతి, మీరు గీసిన బోర్డు ఫైలు మీ దగ్గరే ఉంటుంది. ఐదేళ్లకో పదేళ్లకో దాన్ని మళ్లీ తెరవాల్సి వస్తే ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ చందా కట్టక్కర్లేదు. చిన్న యూనిట్ నడుపుకునేవాళ్లకూ, పాలిటెక్నిక్‌లో చదివే పిల్లలకూ ఇది ఎంత పెద్ద విషయమో చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఈ బోర్డు కథ రేడియోతోనే మొదలైంది. పాల్ ఐస్లర్ అని ఒక ఇంజనీరు ఉండేవారు. 1907లో వియన్నాలో యూదుల ఇంట్లో పుట్టారు. యూదుడన్న కారణంతో స్వదేశంలో ఉద్యోగం దొరకని రోజులవి. 1936లో లండన్ వచ్చేశారు. అక్కడ అద్దె గదిలో ఉంటూ, వైర్ల బదులు ముద్రించిన సర్క్యూట్‌తో ఒక రేడియో సెట్టు తయారుచేశారు. అంతకుముందు రేడియో లోపల ప్రతి వైరూ చేత్తో కోసి, తోలు వలిచి, సోల్డర్ చేసి కలపాల్సిందే. ఒక్క జాయింటు వదులైతే సెట్టు మూగబోయేది. పలకకు రాగి రేకు అంటించి, కావాల్సిన దారులు మాత్రం ఉంచి, మిగతా రాగిని రసాయనంతో కరిగించేయడం ఐస్లర్ పద్ధతి. ముద్రిత సర్క్యూట్లు పెద్ద ఎత్తున ముందు యుద్ధానికి పనికొచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండ్లలో పెట్టిన ప్రాక్సిమిటీ ఫ్యూజుల్లో, అంటే లక్ష్యం దగ్గరపడగానే గుండును పేల్చే పరికరాల్లో వాడారు. యుద్ధం అయ్యాక 1950ల్లో ఇళ్లలోని రేడియోల్లోకి, టీవీల్లోకి వచ్చాయి. ఇవాళ్టికీ బోర్డు తయారయ్యే తీరు మూలంలో ఐస్లర్ పద్ధతే.

అప్పట్లో ఆ దారుల బొమ్మ గీయడమే పెద్ద పని. పారదర్శకమైన ఫిల్ము మీద నల్లటి టేపు ముక్కలు కోసి అంటించేవారు. అసలు సైజుకి రెండింతలు, నాలుగింతలు పెద్దదిగా వేసి, తర్వాత ఫొటో తీసి చిన్నది చేసేవారు. ఆ చేతిపనిని యంత్రానికి అప్పజెప్పినవాళ్లలో ముఖ్యుడు జోసెఫ్ గెర్బర్. ఆయనదీ వియన్నానే. 1924లో పుట్టి, నాజీల చేతిలో నిర్బంధం అనుభవించి, 1940లో అమెరికా చేరినవారు. ఆయన కంపెనీ చేసిన ఫొటోప్లాటర్ యంత్రాలు వెలుతురుతో ఫిల్ము మీద దారులు గీసేవి. ఆ యంత్రాలకు ఆజ్ఞలు ఇవ్వడానికి పుట్టిన ఫైలు పద్ధతికే గెర్బర్ ఫార్మాట్ అని పేరు. ఇప్పటికీ ప్రపంచంలో దాదాపు ఏ పీసీబీ ఫ్యాక్టరీకి వెళ్లినా మొదటగా అడిగేది గెర్బర్ ఫైల్సే. ఈ ఫార్మాట్ వివరాలన్నీ బహిరంగం. బెల్జియంలోని యూకామ్‌కో అనే సంస్థ ఇప్పుడు దాని బాగోగులు చూస్తూ, నియమావళిని ఎవరైనా చదువుకునేలా ఉచితంగా ప్రచురిస్తోంది.

ఈ చిన్న విషయం మీదే మొత్తం కథ ఆధారపడి ఉంది. ఫ్యాక్టరీ భాష గుట్టుగా ఉండి ఉంటే, ఆ గుట్టు తెలిసిన కంపెనీ సాఫ్ట్‌వేర్ కొనకుండా ఎవరూ బోర్డు చేయించుకోలేకపోయేవారు. భాష బహిరంగం కాబట్టి, సరైన గెర్బర్ రాయగలిగితే చాలు, లక్షలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన ఫైలుకీ ఉచిత సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన ఫైలుకీ ఫ్యాక్టరీ దగ్గర తేడా లేదు.

ఇక కీక్యాడ్ సంగతికి వస్తాను. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ అనే ఊరుంది, ఆల్ప్స్ కొండల దగ్గర. అక్కడి సాంకేతిక విద్యాసంస్థలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే జాన్ పియెర్ షరాస్ 1992లో దీన్ని రాయడం మొదలుపెట్టారు. పాఠాలు చెప్పే మనిషి పెట్టిన పునాది అన్నది నాకు చాలా ఇష్టమైన సంగతి. ఏళ్ల తరబడి ఆయన, కొద్దిమంది తోటివాళ్లు తీరిక వేళల్లో పెంచుతూ వచ్చారు. అప్పట్లో పెద్ద ఇంజనీర్లు దాన్ని అభిరుచి ఉన్నవాళ్లు ఆడుకునే పనిముట్టుగా చూశారు.

ఆ చూపు మారింది సెర్న్ వల్ల. జెనీవా దగ్గర భూమి అడుగున ఇరవై ఏడు కిలోమీటర్ల సొరంగంలో కణాలను ఢీకొట్టించే ప్రయోగశాల అది. 2012లో హిగ్స్ బోసాన్ దొరికిందని ప్రకటించింది అక్కడే. ఆ యంత్రాలను నియంత్రించే ఎలక్ట్రానిక్ బోర్డులు గీసే బృందానికి ఒక ఆలోచన వచ్చింది. ప్రజల డబ్బుతో నడిచే ప్రయోగశాల గీసిన బోర్డులు ప్రజలందరికీ అందుబాటులో ఉండాలి కదా అని. 2011లో సెర్న్ ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్స్ విడుదల చేశారు. సాఫ్ట్‌వేర్‌లో సోర్స్ కోడ్ పంచుకున్నట్టే హార్డ్‌వేర్ డిజైన్లూ పంచుకోవడానికి రాసిన చట్టబద్ధమైన పత్రం అది. డిజైన్లు బహిరంగంగా పెట్టారు సరే, వాటిని తెరవాలంటే ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనాల్సి వస్తే ఆ పంచుకోవడానికి అర్థమేముంది? బీద దేశంలోని కాలేజీ దాన్ని దించుకుని ఏం చేసుకుంటుంది? అందుకే రెండు మూడేళ్లు తిరక్కుండా సెర్న్ తన ప్రోగ్రామర్లను కీక్యాడ్ మీద పనికి పెట్టింది.

వాళ్లు చేసిన పనుల్లో ఒకటి తప్పక చెప్పాలి. బోర్డు మీద రాగి దారి గీస్తుంటే మధ్యలో ఇంకో దారి అడ్డొస్తుంది. మామూలుగా అయితే ఆ పాతదాన్ని చెరిపి, పక్కకి జరిపి, మళ్లీ గీయాలి. సెర్న్ ఇంజనీర్ తొమాష్ వ్లొస్తోవ్‌స్కీ రాసిన రూటర్ వచ్చాక ఆ బాధ తప్పింది. కొత్త దారి వస్తుంటే పాత దారులు తమంతట తాము పక్కకి తప్పుకుంటాయి, రూలు ప్రకారం ఉండాల్సిన ఎడం మాత్రం పోనివ్వవు. ఆర్టీసీ బస్సులో ముగ్గురు కూర్చున్న సీటు దగ్గరికెళ్లి కొంచెం జరగండి అంటే సర్దుకున్నట్టే. అప్పటిదాకా ఈ సౌకర్యం ఎక్కువగా ఖరీదైన సాఫ్ట్‌వేర్లలోనే ఉండేది.

తర్వాత కథ వేగంగా నడిచింది. 2018లో అయిదో వెర్షన్, 2021 డిసెంబరులో ఆరోది వచ్చాయి. 2023 నుంచి దాదాపు ఏటా ఒక పెద్ద వెర్షన్ వస్తోంది. 2019లో ఈ ప్రాజెక్టు లైనక్స్ ఫౌండేషన్ గొడుగు కిందికి చేరింది. విరాళాలు తీసుకోవడానికి, జమాఖర్చులు చూసుకోవడానికి ఒక పద్ధతి ఏర్పడింది. రాస్‌ప్‌బెర్రీ పై చిన్న కంప్యూటర్లు మీలో చాలామందికి తెలుసు. ఆ సంస్థ కంప్యూట్ మాడ్యూల్ 4 కోసం గీసిన ఐఓ బోర్డు ఫైళ్లను కీక్యాడ్ రూపంలోనే అందరికీ ఇచ్చింది. బల్గేరియాలోని ఓలిమెక్స్ కంపెనీ ఒక ల్యాప్‌టాప్ మదర్‌బోర్డునే కీక్యాడ్‌లో గీసి బయటపెట్టింది. ఆడుకునే పనిముట్టు అన్న మాట ఇప్పుడెవరూ అనరు.

ఇందాక ఫైలు మీ దగ్గరే ఉంటుంది అన్నాను. అలా ఉండకపోతే ఏమవుతుందో చూపించే ఉదాహరణ ఒకటి చెబుతాను. ఈగల్ అనే సాఫ్ట్‌వేర్ 1988లో జర్మనీలో పుట్టింది. చాలా మంచి పనిముట్టు. ఇటలీలో 2005లో మొదలైన ఆర్డ్యునో బోర్డుల డిజైన్లు దాంట్లోనే గీసి పంచారు. ప్రపంచమంతా ఎంతోమంది విద్యార్థులు ఆ ఫైళ్లు చూసే నేర్చుకున్నారు. 2016లో ఆటోడెస్క్ సంస్థ ఈగల్‌ను కొంది. 2017 జనవరి నుంచి ఒకేసారి కొనుక్కునే పద్ధతి తీసేసి, చందా పద్ధతి పెట్టింది. 2023లో మరో ప్రకటన చేసింది, 2026 జూన్ 7 తర్వాత ఈగల్ ఇక ఉండదని. తన ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి మారమంది. ఒక కంపెనీ తన సరుకును ఆపేసుకోవడంలో అన్యాయం ఉందని నేననను. అది వాళ్ల వ్యాపారం. కానీ ఇరవై ఏళ్లు ఆ సాఫ్ట్‌వేర్‌లో బోర్డులు గీసుకున్న చిన్న వర్క్‌షాపు పరిస్థితి ఏమిటి? పాత కస్టమర్ వచ్చి, అప్పుడు చేసిన బోర్డే ఇంకో యాభై కావాలి, ఒక కనెక్టర్ మాత్రం మార్చండి అంటే? ఆ మార్పు చేయడానికి ఫైలు తెరుచుకోవాలి కదా.

ఇక్కడ కీక్యాడ్ చేసిన మేలు గమనించండి. ఈగల్ ఫైళ్లను నేరుగా తెరిచే వీలు అయిదో వెర్షన్ నుంచే ఉంది. అంటే ఇంకొకరి సాఫ్ట్‌వేర్‌తో గీసిన పాత బోర్డులకు కూడా ఇప్పుడు నిలవ నీడ దొరికింది.

కీక్యాడ్ ఫైలు లోపల ఏముంటుందో ఒకసారి చూడండి. బోర్డు ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అర్థంకాని గుర్తులు కనపడవు, మామూలు అక్షరాలే ఉంటాయి. బ్రాకెట్ తెరిచి సెగ్మెంట్ అని ఉంటుంది, తర్వాత స్టార్ట్ అని రెండు అంకెలు, ఎండ్ అని రెండు అంకెలు, విడ్త్ 0.25, లేయర్ ఎఫ్ డాట్ సీయూ. అంటే పైవైపు రాగి మీద, ఇక్కడి నుంచి ఇక్కడి దాకా, పావు మిల్లీమీటరు వెడల్పున్న దారి ఒకటి ఉందని చెబుతోంది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునేవాళ్లు కూడా దీన్ని చదవగలరు. రేపు కీక్యాడ్ రాసేవాళ్లంతా చేతులెత్తేసినా, ప్రోగ్రామింగ్ వచ్చిన ఒక బీటెక్ కుర్రాడు ఈ ఫైలు చదివే ప్రోగ్రాం రాసుకోగలడు. ఫైలు మీ దగ్గరే ఉంటుందని నేను అంత ధైర్యంగా చెప్పడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఒక బోర్డు గీద్దాం. మేడ మీద నీళ్ల ట్యాంకు నిండగానే మోగే అలారం. నేను పాఠాలు చెప్పే పాలిటెక్నిక్‌లో ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు చేసే ప్రాజెక్టే. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, 555 ఐసీ, బీసీ 547 ట్రాన్సిస్టర్, నాలుగైదు రెసిస్టర్లు, రెండు మూడు కెపాసిటర్లు, చిన్న స్పీకర్, ట్యాంకులోకి దించే రెండు తీగలు. నీళ్లు పైకొచ్చి రెండు తీగల్నీ తాకితే వాటి మధ్య కొద్దిపాటి కరెంటు పారుతుంది, ట్రాన్సిస్టర్ ఆన్ అవుతుంది, 555 స్పీకర్‌ను మోగిస్తుంది.

మొదట స్కెమాటిక్ గీస్తాం, అంటే ఏ కాలు ఏ కాలికి కలవాలో చూపించే బొమ్మ. లైబ్రరీలోంచి సింబల్స్ తెచ్చి పెట్టి, గీతలతో కలుపుతాం. అయిపోయాక ఎలక్ట్రికల్ రూల్స్ చెక్ నొక్కగానే 555 సప్లయ్ పిన్ను దగ్గర ఎర్రర్ గుర్తు పడుతుంది. ఈ పిన్నుకి కరెంటు ఇచ్చేవాళ్లెవరూ లేరు అని దాని అర్థం. ఏటా ఎవరో ఒకరు పిలుస్తారు.

“సార్, బ్యాటరీ పెట్టానండీ. వైరు కూడా కలిపాను. అయినా పవర్ లేదంటోంది.”

బ్యాటరీ పెట్టిన మాట నిజమే. సాఫ్ట్‌వేర్ చూసేది బొమ్మను కాదు, ప్రతి పిన్నుకీ రాసి ఉన్న స్వభావాన్ని. 555 ఎనిమిదో పిన్ను కరెంటు తీసుకునే రకం అని రాసి ఉంది. బ్యాటరీ పిన్నులు మాత్రం పాసివ్ అని రాసి ఉన్నాయి, అంటే ఇటూ కావు, అటూ కావు. కరెంటు ఇస్తున్నానని ఎవరూ ఒప్పుకోలేదు కాబట్టి అది నిలదీస్తోంది. అక్కడ పవర్ ఫ్లాగ్ అనే గుర్తు ఒకటి పెట్టాలి, గ్రౌండ్ వైపు ఇంకోటి. ఇక్కడి నుంచి కరెంటు వస్తుంది, ఆ బాధ్యత నాది అని డిజైనర్ సంతకం పెట్టడం లాంటిది. వీడియో చూసి గుడ్డిగా ఫ్లాగ్ అంటించేసే పిల్లలూ ఉన్నారు. అలా చేయొద్దనే చెబుతాను. ఆ ఎర్రర్ దగ్గర ఆగి, ఎందుకొచ్చిందో ఆలోచిస్తే, కరెంటు ఇచ్చే పిన్ను, తీసుకునే పిన్ను, సిగ్నల్ ఇచ్చే పిన్ను అన్న తేడాలు మనసుకి పడతాయి. పుస్తకంలో ఆ పాఠం ఇంత బాగా ఎక్కదు.

తర్వాతది ఫుట్‌ప్రింట్. బోర్డు మీద ఆ విడిభాగం నిలబడడానికి కావాల్సిన రంధ్రాలు, వాటి చుట్టూ రాగి ప్యాడ్లు, వాటి మధ్య దూరాలు. కొత్తవాళ్ల బోర్డులు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. బీసీ 547 లాంటి చిన్న ట్రాన్సిస్టర్ కాళ్ల మధ్య దూరం సహజంగా 1.27 మిల్లీమీటర్లు. అంత దగ్గర్లో కొత్త చేత్తో సోల్డర్ పెడితే ఒక కాలి సీసం ఇంకో కాలికి అంటుకుంటుంది. లైబ్రరీలో ఇదే ట్రాన్సిస్టర్‌కి కాళ్లు విప్పార్చి, 2.54 మిల్లీమీటర్ల ఎడంతో పెట్టుకునే ఫుట్‌ప్రింట్ కూడా ఉంటుంది. చేత్తో సోల్డర్ చేసేవాళ్లు అదే తీసుకోవాలి.

కాళ్ల వరస విషయం ఇంకా ముఖ్యం. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి విడిభాగాల కోసం వెళ్లారనుకోండి. బీసీ 547 అయిపోయింది.

“గిది తీస్కపో తమ్మీ, గదే పని చేస్తది,” అని కొట్టాయన 2ఎన్ 3904 చేతిలో పెడతాడు.

ఆయన చెప్పింది నిజం, ఈ సర్క్యూట్‌కి అదీ పని చేస్తుంది. అయితే చదునుగా ఉన్న వైపు మన ముఖానికి ఎదురుగా, కాళ్లు కిందికి పెట్టుకుని చూస్తే, బీసీ 547కి ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్ 3904కి ఎమిటర్, బేస్, కలెక్టర్. బోర్డు మీద అచ్చువేసిన అర్ధచంద్రాకారం చూసి అలాగే గుచ్చేస్తే అలారం సరిగా పని చేయదు. ట్రాన్సిస్టర్‌ని వెనక్కి తిప్పి పెట్టాలి. ఏ సాఫ్ట్‌వేరూ ఈ తప్పు పట్టుకోలేదు, ఎందుకంటే మీ చేతిలోకి ఏ ట్రాన్సిస్టర్ వచ్చిందో దానికి తెలియదు. డేటాషీట్ చదివే అలవాటు ఒక్కటే కాపాడుతుంది.

ఇంకో అలవాటు కూడా. లేఅవుట్ అయ్యాక దాన్ని కాగితం మీద అసలు సైజులో, నూటికి నూరు శాతం ప్రింట్ తీయండి. కాగితం కింద థర్మోకోల్ ముక్క పెట్టి, కొన్న విడిభాగాలు ఒక్కొక్కటే ఆ చుక్కల్లోంచి గుచ్చి చూడండి. స్క్రూ టెర్మినల్ కాళ్లు పట్టకపోతే అక్కడే తెలిసిపోతుంది. రెండు రూపాయల జిరాక్స్ ఖర్చుతో వందల రూపాయల బోర్డు బతుకుతుంది.

ఇక లేఅవుట్. స్కెమాటిక్‌లోని భాగాలన్నీ బోర్డు మీదికి కుప్పగా వచ్చి పడతాయి. ఏ ప్యాడ్ దేనికి కలవాలో చూపిస్తూ సన్నటి గీతలు చిందరవందరగా ఉంటాయి. వాటిని ర్యాట్స్‌నెస్ట్ అంటారు. భాగాలను తిప్పుతూ, జరుపుతూ ఆ చిక్కు తగ్గించుకోవాలి. ఈ జరపడం మీద ఎంత సమయం పెడితే దారులు గీయడం అంత తేలికవుతుంది. 555కి ఒక గుణం ఉంది, అవుట్‌పుట్ మారే క్షణంలో సప్లయ్ నుంచి ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. అందుకని 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి సప్లయ్ పిన్నుకి ఆనుకుని ఉండాలి. బోర్డు అవతలి కొసన పెడితే స్కెమాటిక్ ప్రకారం కనెక్షన్ సరిపోతుంది, ఎర్రర్ రాదు, ఉపయోగం మాత్రం ఉండదు. మామూలు బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లు. అంత పల్చటి రాగి మీద ఒక యాంపియర్ పోవాలంటే దారి వెడల్పు ఎంతుండాలో కీక్యాడ్‌తో వచ్చే క్యాలిక్యులేటర్ చెబుతుంది. మన అలారంలో పారేది చాలా తక్కువ కరెంటు. అయినా ఇంట్లో ఎచింగ్, అంటే రాగిని రసాయనంతో కరిగించే పని, చేసుకునేవాళ్లు దారులు 0.8 మిల్లీమీటర్లకు తగ్గకుండా గీసుకోవడం మేలు. సన్న దారులు ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో తెగిపోతాయి. ఆ ద్రావణం గురించి ఒక మాట. పని అయ్యాక అందులో కరిగిన రాగి ఉంటుంది. సింక్‌లో గానీ మురుగు కాల్వలో గానీ పోయకండి. రాగి విషం చేపలకూ చెరువులకూ చేటు. మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో భద్రపరిచి, కాలేజీ ల్యాబులో అప్పజెప్పండి.

దారులు పూర్తయ్యాక డిజైన్ రూల్స్ చెక్ పెట్టి, త్రీడీలో బోర్డును తిప్పి చూసుకుని, గెర్బర్, డ్రిల్ ఫైళ్లు తీయడమే. తీసిన గెర్బర్లను ఫ్యాక్టరీకి పంపేముందు విడిగా ఇంకోసారి తెరిచి చూడండి.

ఇలాంటి చిన్న బోర్డుల అవసరం మన దగ్గర చాలా ఉంది. హైదరాబాద్‌లో 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు దాన్ని నిలబెట్టారు. ఆ చుట్టుపక్కల కుషాయిగూడ, చర్లపల్లి ప్రాంతాల్లో ఎలక్ట్రానిక్స్ చిన్న యూనిట్లు పెరిగాయి. ఊళ్లలో బోరు మోటార్లకు పెట్టే ఆటో స్టార్టర్లు, సెల్‌ఫోన్‌తో మోటారు వేసే పెట్టెలు రిపేరు చేసేవాళ్లున్నారు. వీళ్లలో చాలామందికి ఏడాదికి లక్షల రూపాయలు చందా కట్టి సాఫ్ట్‌వేర్ తెచ్చుకునే తాహతు లేదు. ఏం చేస్తారు? క్రాక్ చేసిన కాపీ ఎక్కించుకుంటారు. కాలేజీల్లోనూ ఇదే జరగడం చూశాను. దాంతో వైరస్ రావొచ్చన్నది ఒక సంగతి. దొంగ కాపీతో చదువు మొదలుపెట్టిన విద్యార్థి తన పనిని నలుగురి ముందు గర్వంగా పెట్టలేకపోవడం దానికంటే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. కంపెనీ పెట్టాలనుకుంటే మొదటిరోజే భయం. నేర్చుకున్న పనిముట్టు చట్టబద్ధంగా తనది కాదు. కీక్యాడ్‌తో ఈ బెడద లేదు. వ్యాపారానికి వాడినా, ఎన్ని కంప్యూటర్లలో ఎక్కించినా ఎవరూ అడగరు. బోర్డు ఇంత సైజే ఉండాలి, రెండు పొరలే ఉండాలి అన్న షరతుల్లేవు. ముప్పై రెండు రాగి పొరల దాకా ఎప్పటినుంచో వీలుంది.

ఇబ్బందులు లేవని చెప్పను. విండోస్‌లో ఎక్కించడానికి దించుకోవాల్సిన ఫైలు ఒక జీబీ పైనే ఉంటుంది. పల్లెలో మొబైల్ డేటా మీద ఆధారపడే పిల్లలకు అది బరువే. పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి ఇవ్వండి, ఇది అలా పంచుకోవడానికి అనుమతి ఉన్న సాఫ్ట్‌వేర్. ఎక్కడెక్కడి నుంచో దించుకున్న ఫుట్‌ప్రింట్లు తప్పుగా ఉండొచ్చు, కొలిచి చూసుకోవాల్సిందే. దారులన్నీ దానంతటదే గీసిపెట్టే ఆటోరూటర్ కీక్యాడ్‌లో లేదు, విడిగా తెచ్చుకోవాలి. నేర్చుకునేవాళ్లకి అది లేకపోవడమే మంచిదని నా అభిప్రాయం. సెల్‌ఫోన్ మదర్‌బోర్డులాంటివి గీసే పెద్ద కంపెనీలు ఇంకా ఖరీదైన సాఫ్ట్‌వేర్లే వాడుతున్నాయి. వాళ్ల అవసరాలు వేరు.

నేర్చుకోవడానికి మన దేశంలోనే మంచి దారి ఉంది. ఐఐటీ బాంబేలో ఫాసీ అనే ప్రాజెక్టు ఉంది, కేంద్ర విద్యాశాఖ నిధులతో నడుస్తుంది. వాళ్లు కీక్యాడ్‌నూ, సర్క్యూట్ పని తీరును లెక్కగట్టి చూపించే ఎన్‌జీస్పైస్‌నూ కలిపి ఈసిమ్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. అదే ఐఐటీలో పుట్టిన స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు ఇలాంటి ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ల మీద చిన్నచిన్న వీడియో పాఠాలు చేసి, వాటిని తెలుగుతో సహా మన భాషల్లోకి డబ్బింగ్ చేయిస్తోంది. హైదరాబాద్‌లో 2023లో తెరిచిన టీ-వర్క్స్‌లో నమూనాలు తయారుచేసుకునే యంత్రాలున్నాయి, బయటివాళ్లూ వాడుకోవచ్చు.

కాలేజీల వాళ్లకు ఒక విన్నపం. ఫైనలియర్ ప్రాజెక్టు అనగానే స్పైరల్ బైండింగ్ రిపోర్టు తీసుకుని బీరువాలో పెట్టేస్తున్నాం. బోర్డు ఎక్కడో దుమ్ము పట్టిపోతుంది. గెర్బర్ ఫైలు మాత్రం మిగిలినా ప్రయోజనం తక్కువ. దాంతో అదే బోర్డు మళ్లీ చేయించొచ్చు, మార్చడం మాత్రం చాలా కష్టం. అందుకని రిపోర్టుతో పాటు కీక్యాడ్ ప్రాజెక్టు ఫోల్డరు మొత్తం తీసుకోండి. స్కెమాటిక్, బోర్డు ఫైలు, వాడిన సింబల్స్, ఫుట్‌ప్రింట్లు, విడిభాగాల జాబితా, అన్నీ. వచ్చే ఏడాది పిల్లలు సున్నా నుంచి మొదలుపెట్టకుండా, సీనియర్ల బోర్డు తెరిచి, దానికి ఇంకో సెన్సర్ కలిపి ముందుకు తీసుకెళ్తారు.

పిల్లలకు కూడా ఒక మాట. ఆ ఫోల్డరులో లైసెన్స్ అనే పేరుతో చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టండి. అది లేకపోతే మీ డిజైన్‌ను వాడుకునే హక్కు ఇతరులకు చట్టప్రకారం ఉండదు, మీరు పంచుకోవాలనుకున్నా సరే. సెర్న్ లైసెన్స్ రెండో వెర్షన్ 2020లో వచ్చింది, అందులో మూడు రకాలున్నాయి. ఎవరైనా ఏమైనా చేసుకోనీ అనుకుంటే పి అక్షరం ఉన్నది తీసుకోండి. నా బోర్డును మార్చి ఇతరులకు ఇచ్చేవాళ్లు ఆ మార్పులను కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి అనుకుంటే ఎస్ అక్షరం ఉన్నది. డబ్ల్యూ ఈ రెండింటికీ మధ్యది. ఏది ఎంచుకున్నా, దాని పేరు, మీ పేరు, సంవత్సరం బోర్డు మీద తెల్ల సిరాతో అచ్చయ్యే సిల్క్‌స్క్రీన్ పొరలో ఒక మూల వేయండి. ఒక మిల్లీమీటరు ఎత్తు అక్షరాలు చాలు, ఫ్యాక్టరీ చక్కగా అచ్చువేస్తుంది.